మణలి మంట

ఉత్తర మద్రాసులో, తండయారుపేట, తిరువొత్తియూరు వైపు పెరిగిన మా వయసు తెలుగువాళ్లను ఎవరినైనా అడగండి. ఎండాకాలం మిద్దె మీద పడక అనగానే వాళ్లకు ముందు గుర్తొచ్చేది మణలి మంట. పడమటి దిక్కున, కాలువ అవతల, మణలిలోని చమురు శుద్ధి చేసే రిఫైనరీలో, మిగులు గ్యాసును కాల్చేసే ఫ్లేర్ గొట్టం కొసన రాత్రింబవళ్లు మండుతూ ఉండేది. పగలు సరిగ్గా కనిపించేది కాదు. చీకటి పడితే మాత్రం ఆ వైపు ఆకాశం నారింజ రంగుకు తిరిగేది. పిల్లలం దాన్ని చూసే దిక్కులు చెప్పుకునేవాళ్లం. కాశిమేడు నుంచి వేటకు పోయే మా వీధి జాలరులు కూడా, తెల్లవారుజామున తిరిగొచ్చేటప్పుడు ఆ వెలుగును బట్టే ఒడ్డు ఎటుందో పోల్చుకునేవాళ్లమని చెప్పేవాళ్లు.

మాది నెల్లూరు జిల్లా నుంచి వలస వచ్చిన కుటుంబం. మా తాత కట్టెల అడితిలో గుమాస్తా. శ్రీహరికోట అడవి కట్టెలు బకింగ్‌హామ్ కాలువ మీద పడవల్లో మద్రాసుకు వచ్చేవి. అవి దింపించడం, తూకం వేయించడం, లెక్క రాయడం ఆయన పని. ఆయన చిన్న కొడుకు, అంటే మా చిన్నాన్న, రిఫైనరీలో ఆపరేటర్‌గా చేరాడు. కట్టెల లెక్క రాసిన ఇంట్లోంచి పెట్రోలు తీసే చోటికి ఒక్క తరంలో వచ్చేశాం.

ఆ రిఫైనరీ పేరు అప్పట్లో మద్రాస్ రిఫైనరీస్ లిమిటెడ్. భారత ప్రభుత్వం, అమెరికాకు చెందిన అమోకో, ఇరాన్ జాతీయ చమురు సంస్థ కలిసి 1965లో పెట్టిన కంపెనీ అది. 1969లో ఏడాదికి 25 లక్షల టన్నుల సామర్థ్యంతో నడక మొదలుపెట్టింది. 2000లో పేరు చెన్నై పెట్రోలియం అని మారింది కానీ, మా ఇంట్లో ఇప్పటికీ ఎంఆర్ఎల్ అనే అంటాం. చిన్నాన్న ఏ షిఫ్ట్‌లో ఉన్నాడో దాన్ని బట్టే ఇంట్లో వంట వేళలు, మా అల్లరి వేళలు నిర్ణయమయ్యేవి. నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకుంటే పొద్దున పదకొండు దాకా ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు.

మా అవ్వ గురించి చెప్పకుండా ఈ కథ ముందుకు సాగదు. నిప్పును వృథా చేయడమంటే ఆవిడకు పాపం చేసినంత పని. అన్నం ఉడికి కుండ దించగానే పొయ్యిలో మిగిలిన కొరకంచులు బయటికి లాగేది. నీళ్లు చల్లితే చుయ్యిమని ఆవిరి లేచేది. ఆ బొగ్గులను పెరట్లో ఎండబెట్టి, పొడి వేరుగా, ముక్కలు వేరుగా జల్లించి గోనెసంచిలో దాచేది. ముక్కలు ఇస్త్రీ పెట్టెకు. పొడిలో పేడ కలిపి ఉండలు చేసి కుంపట్లో వాడేది. నూతన్ స్టవ్ కొన్నాక కూడా వత్తులు తగ్గించి, మూత పెట్టి, పప్పు ముందుగా నానబెట్టి వండడమే ఆవిడ పద్ధతి. ఇంధనం పొదుపు చేయమని ప్రభుత్వం సినిమా హాళ్లలో, రేడియోలో చెప్పించిన మాటలన్నీ మా అవ్వ ఎవరూ చెప్పకుండానే పాటించింది.

అలాంటి మనిషికి రోజూ మిద్దె ఎక్కితే ఆ మంట కనిపించేది. అప్పట్లో గ్యాస్ కనెక్షన్ కోసం పేరు రాయించుకుంటే ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. మా అమ్మ రేషన్ షాపు ముందు కిరసనాయిలు డబ్బా పట్టుకొని గంటల కొద్దీ నిలబడేది. ఒకరోజు సాయంత్రం అమ్మ ఖాళీ డబ్బాతో తిరిగొచ్చింది, స్టాకు అయిపోయిందట. ఆ రాత్రి అన్నాల దగ్గర అవ్వ చిన్నాన్నను నిలదీసింది.

“ఏందిరా అబ్బయ్యా, అంత గ్యాసు రేయింబవళ్లు ఊరికే తగలబెడతా ఉంటే, కోడలు ఈడ డబ్బా పట్టుకొని లైన్లో నిలబడాలా? ఆ గొట్టానికి ఇంకో పైపు తగిలించి ఇటు తిప్పకూడదా?”

మేమందరం నవ్వాం. చిన్నాన్న నవ్వలేదు. “అమ్మా, నువ్వడిగింది మా షిఫ్ట్‌లో అందరూ అడగాల్సిన మాటే” అని కంచం పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు.

సిలిండర్లో వచ్చేది ప్రొపేన్, బ్యూటేన్. కాస్త ఒత్తిడి పెడితే ద్రవమై కూర్చుంటాయి కాబట్టి ఇనప సీసాలో నింపి ఇంటికి పంపొచ్చు. ఫ్లేర్‌కు పోయేది అదొక్కటే కాదు. హైడ్రోజన్, మీథేన్, ఈథేన్, కొంచెం నైట్రోజన్, ఇంకా కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్, అన్నీ కలిసి ఉంటాయి. పొద్దున ఒక పాళ్లలో ఉన్నది సాయంత్రానికి ఇంకో పాళ్లకు మారుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ విషం. పైగా అది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. దాన్ని వంటింటి దాకా తేలేం. ఇదీ ఆయన చెప్పింది. అవ్వ అంతా విని, “అయితే మీ పొయ్యిలకే వాడుకోండి, ఆకాశానికి ఎందుకు పెట్టడం?” అంది. అప్పుడు మాత్రం చిన్నాన్న వెంటనే బదులు చెప్పలేదు. “చెయ్యొచ్చమ్మా, మెషిన్లు కావాలి” అన్నాడు.

ఆ మంటను అసలు ఎందుకు పెడతారో నాకు అర్థమైంది ఒక కార్తీక మాసపు వాన రాత్రి. ఊరంతా ఒక్కసారిగా కరెంటు పోయింది. అమ్మ అగ్గిపెట్టె కోసం తడుముకుంటూ ఉండగానే పడమటి కిటికీలోంచి గోడ మీద వెలుగు పడింది. బయటికి పరిగెత్తి చూస్తే మంట ఎప్పుడూ చూడనంత ఎత్తున లేచింది. వీధిలో కొందరు భయపడ్డారు. పిల్లలం చప్పట్లు కొట్టాం. ఆ రోజు సెలవులో ఉన్న చిన్నాన్న అరుగు మీద నిలబడి చాలాసేపు దాన్నే చూశాడు. “మంట లేచిందని భయం లేదు. ఇట్టాంటప్పుడు లేవకపోతేనే భయపడాలి” అన్నాడు.

కరెంటు పోతే పంపులు ఆగుతాయి, చల్లబరిచే నీళ్లు ఆగుతాయి. కానీ ఫర్నేసులో కాగిన నూనె వేడి ఒక్కసారిగా తగ్గదు. నూనెను వేరుచేసే గోపురాల్లాంటి పెద్ద పెద్ద కాలమ్‌లలో ఆవిరి పెరిగి ఒత్తిడి ఎక్కుతుంది. ఒక హద్దు దాటగానే సేఫ్టీ వాల్వులు వాటంతట అవే తెరుచుకొని ఆ గ్యాసునంతా ఫ్లేర్ లైన్లోకి వదిలేస్తాయి. దారిలో నాకౌట్ డ్రమ్ అనే పెద్ద తొట్టి గ్యాసుతో పాటు వచ్చే నూనె చుక్కలను పట్టి ఉంచుతుంది. లేకపోతే గొట్టం పైనుంచి మండే చుక్కలు వానై కింద పడతాయి. తర్వాత నీళ్ల డ్రమ్, దానికి సీల్ డ్రమ్ అని పేరు. పైన మంట వెనక్కి పాకి లోపలికి రాకుండా, గాలి చొరబడకుండా ఆ నీళ్లే అడ్డు. అక్కడి నుంచి పైకి పోయి, ఎప్పుడూ ఆరకుండా వెలుగుతుండే పైలట్ మంటల దగ్గర అంటుకుంటుంది. ఈ ఏర్పాటు లేకుంటే ఆ గ్యాస్ అంటుకోకుండా నేల బారున పరుచుకొని, ఎక్కడో ఒక నిప్పురవ్వ తగిలి ఊరి మీదికి వచ్చేది.

ఫ్లేరే వద్దు అనేవాళ్లను చూస్తే నాకు ఈ రాత్రి గుర్తొస్తుంది. ప్రమాదం వేళ కాలే మంట వేరు, రోజూ ఊరికే కాలే మంట వేరు. రెండోదాని మీదే నా కోపమంతా. చిన్నాన్నదీ అదే కోపం.

ఆయన మంటను చూసే తీరే వేరుగా ఉండేది. డ్యూటీకి బయలుదేరే ముందు మిద్దె ఎక్కి ఒకసారి చూసి దిగేవాడు. నల్ల పొగ కనిపిస్తే బరువైన గ్యాస్ వస్తోందనో, ఆవిరి చాలడం లేదనో లెక్క. గొట్టం కొసన ఆవిరి చిమ్మితే అది చుట్టూ ఉన్న గాలిని లాక్కొచ్చి మంటలో కలుపుతుంది, పొగ పోతుంది. అలాగని ఆవిరి మరీ ఎక్కువైతే మంట చల్లబడి గ్యాస్ సగం సగం కాలి పోతుంది, ఒక్కోసారి ఆరిపోతుంది కూడా. మసి రాని మంట అంటే మంచి మంట అనుకుంటాం. ఆయనకు అంత సులువుగా తృప్తి కలిగేది కాదు. మంట కనపడీ కనపడనట్టు ఉన్న రోజే ఆయనకు మంచి రోజు. “ఈ రోజు భలే చిన్నగా ఉందే” అని హుషారుగా సైకిల్ తీసేవాడు.

మంట పెద్దదైతే ఎక్కడో ఏదో వాల్వు పాస్ అవుతున్నట్టు. అంటే మూసి ఉన్నా లోపల సన్నగా కారుతున్నట్టు. దాన్ని పట్టుకోవడంలో చిన్నాన్న మంచి పనివాడని ఆయన స్నేహితులు ఇప్పటికీ చెబుతారు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన వాల్వు మీద ఆనించి, పిడిని చెవికి నొక్కి పెట్టి వినేవాడట. సరిగ్గా మూసుకున్న వాల్వు చప్పుడు చేయదు. పాస్ అయ్యేది సన్నగా బుస కొడుతుంది. ఒకసారి మా ఇంటి కుళాయి కారుతుంటే అదే స్క్రూడ్రైవర్ నా చెవికి పెట్టి వినిపించాడు. పిడిలోంచి వచ్చిన ఆ సన్నటి బుస ఇప్పటికీ నా చెవిలో ఉంది.

పైలట్లు ఆరిపోతే వెలిగించే విధానం కూడా చెప్పేవాడు, అది వింటుంటే మాకు రోమాలు నిక్కబొడుచుకునేవి. అంత ఎత్తు ఎవరూ ఎక్కరు. కింద నుంచి పైదాకా ఒక సన్నటి పైపు ఉంటుంది. దాన్ని గ్యాస్, గాలి కలిపిన మిశ్రమంతో నింపి కింద ఒక స్పార్క్ కొడతారు. నిప్పు ముద్ద ఆ పైపులోనే పరుగెత్తుకుంటూ పైకి పోయి పైలట్‌ను అంటిస్తుంది. పాళ్లు కుదరకపోతే మధ్యలోనే ఆరిపోతుంది, మళ్లీ మొదటి నుంచి. వానలో తడుస్తూ, పైకి చూస్తూ, అంటుకుందా లేదా అని మెడలు నొప్పి పుట్టేదాకా నిలబడే ఆ పనిని ఆయన ఎంత ఇష్టంగా చెప్పేవాడో!

నేను గిండీలో అళగప్ప కాలేజీలో కెమికల్ ఇంజనీరింగ్ చదవడానికి ఆయనే కారణం. తర్వాత చెన్నైలోనే ఒక డిజైన్ ఆఫీసులో చేరాను. కొన్నేళ్లకు గల్ఫ్‌లోని ఒక రిఫైనరీ కోసం ఫ్లేర్ గ్యాస్ రికవరీ యూనిట్ గీసే పని మా టీముకు వచ్చింది. డ్రాయింగులు ముందు వేసుకొని కూర్చున్న మొదటి రోజు నాకు అవ్వ మాటే మనసులో మెదిలింది. ఆ గొట్టానికి ఇంకో పైపు తగిలించి ఇటు తిప్పకూడదా? మేము చేస్తున్నది సరిగ్గా అదే. అప్పటికి అవ్వ లేదు.

పని మొత్తం నీళ్ల డ్రమ్ చుట్టూ తిరుగుతుంది. మామూలుగా అందులో ఫ్లేర్ పైపు కొస నీళ్లలో ఒక జానెడు మునిగి ఉంటే చాలు. గ్యాస్ పట్టుకోవాలంటే మూరెడుకు పైగా ముంచుతాం. రోజూ కారే కొద్దిపాటి గ్యాసుకు ఆ లోతు నీళ్లను తోసుకొని పోయే బలం ఉండదు. ఫ్లేర్ వైపు పోలేక ఆగిపోతుంది, ఆ ఆగినదాన్ని పక్క పైపులోంచి కంప్రెసర్, అంటే గ్యాసును లాగి నొక్కే మెషిన్, లాక్కుంటుంది. ప్రమాదం వచ్చి గ్యాస్ ఉధృతంగా వస్తే ఆ నీళ్లను చీల్చుకొని తన దారిన ఫ్లేర్‌కు పోతుంది. ఎవరూ వాల్వు తిప్పక్కర్లేదు, ఎవరూ నిర్ణయం తీసుకోనక్కర్లేదు. భద్రతకు ఏ లోటూ రాకుండా పొదుపు చేసే ఈ ఉపాయం నాకు చాలా ఇష్టం.

ఇక కంప్రెసర్. ఈ పనికి ఎక్కువగా లిక్విడ్ రింగ్ కంప్రెసర్ వాడతారు. గుండ్రటి పెట్టెలో రెక్కల చక్రాన్ని మధ్యలో కాకుండా ఒక పక్కకు జరిపి బిగిస్తారు. లోపల నీళ్లుంటాయి. చక్రం తిరిగితే ఆ నీళ్లు పెట్టె గోడను అంటుకొని కడియంలా తిరుగుతాయి. ఒక వైపు రెక్కల మధ్య ఖాళీ పెరిగి గ్యాస్‌ను పీల్చుకుంటుంది, ఇంకో వైపుకొచ్చేసరికి నీళ్లు ఆ ఖాళీలోకి చొచ్చుకొచ్చి గ్యాస్‌ను నొక్కుతాయి. ఫ్లేర్ గ్యాసులో తడి, మురికి, చుక్కలు అన్నీ ఉంటాయి, పాళ్లు గంటగంటకూ మారతాయి. ఈ మెషిన్ అన్నిటినీ ఓర్చుకుంటుంది, నీళ్లున్నాయి కాబట్టి వేడెక్కదు. ఆ తర్వాత గ్యాసును అమీన్ ద్రావణంతో కడిగి హైడ్రోజన్ సల్ఫైడ్ తీసేస్తే, రిఫైనరీ ఫర్నేసుల్లోనే ఇంధనంగా వాడుకోవచ్చు. ఆ మేరకు వేరే ఇంధనం మిగులుతుంది.

ఎంత మిగులుతుంది అని అడుగుతారు. గంటకు ఒక్క టన్ను పట్టుకున్నామనుకోండి, రోజుకు 24 టన్నులు. బరువు లెక్కన చూస్తే 14.2 కిలోల సిలిండర్లు దాదాపు 1,690. ఇది ఉదాహరణకు వేసిన లెక్కే. అయినా కిరసనాయిలు క్యూలో నిలబడ్డ మా అమ్మ గుర్తొచ్చి, ఆ అంకె కింద రెండుసార్లు గీత గీశాను.

ఒక్క జాగ్రత్త మాత్రం ప్రాణం లాంటిది. కంప్రెసర్ అత్యాశకు పోయి ఎక్కువ లాగితే లైన్లో ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గుతుంది, ఏ సందులోంచో గాలి లోపలికి వస్తుంది. గ్యాసూ గాలీ ఒకే పైపులో కలవడం కంటే భయంకరమైనది మా వృత్తిలో లేదు. అందుకే ఒత్తిడి తగ్గుతోందంటే నొక్కిన గ్యాసునే తిప్పి వెనక్కి పంపాలి, ఇంకా తగ్గితే మెషిన్ దానంతట అదే ఆగిపోవాలి. డిజైన్‌లో మేము నిద్ర మానుకొని టెన్షన్ పడ్డది ఇక్కడే.

రిఫైనరీల సంగతి ఇలా ఉంటే, నిజానికి ప్రపంచంలో ఎక్కువ గ్యాస్ కాలేది చమురు బావుల దగ్గర. నూనెతో పాటు గ్యాసూ పైకి వస్తుంది. దాన్ని తీసుకెళ్లే పైపులైను లేకపోతే అక్కడే అంటిస్తారు. బాంబే హైలో 1976లో నూనె తీయడం మొదలైన తొలి ఏళ్లలో అలాగే చాలా కాలిపోయింది. అక్కడ పనిచేసి వచ్చిన చిన్నాన్న స్నేహితుడు, రాత్రుళ్లు సముద్రం మీద ఎటు చూసినా మంటలేనని చెప్పేవాడు. 1984లో గెయిల్ అనే ప్రభుత్వ గ్యాస్ సంస్థ పెట్టి, హజీరా నుంచి ఉత్తరాదికి పెద్ద పైపులైను వేశాక పరిస్థితి మెరుగుపడింది. నార్వే అయితే, బావుల్లో ఉత్పత్తి మొదలైన 1971లోనే, పరీక్షల వేళ తప్ప గ్యాస్ కాల్చకూడదని తేల్చి చెప్పింది. నైజీరియా 1979లో చట్టం చేసి 1984 గడువు పెట్టుకుంది, నైజర్ డెల్టాలో మంటలు మాత్రం ఇప్పటికీ ఆరలేదు. ఒకటి ముందే గట్టిగా అనుకుంది, ఇంకొకటి గడువు పొడిగిస్తూ పోయింది.

ఇక్కడో మాట. ఫ్లేర్ అనగానే మన గోదావరి జిల్లాల వాళ్లు 1995లో పాశర్లపూడిలో అంటుకున్న బావిని తలుచుకుంటారు. జనవరి నుంచి మార్చి దాకా 65 రోజులు మండింది. అది ఫ్లేర్ కాదు, అదుపు తప్పిన బావి. కానీ ఆ వెలుగులో రాత్రుళ్లు గడిపిన కోనసీమ వాళ్లకు గ్యాస్ మంట అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం 2024లో ప్రపంచమంతా కలిపి ఫ్లేర్లలో కాల్చిన గ్యాస్ సుమారు 151 బిలియన్ ఘనపు మీటర్లు. మన దేశం ఏడాదికి వాడే సహజ వాయువుకు ఇది రెండింతలు. 2030 కల్లా రోజువారీ ఫ్లేరింగ్ ఆపేస్తామని 2015 నుంచి ఎన్నో ప్రభుత్వాలు, కంపెనీలు సంతకాలు చేశాయి. అయినా అంకె దిగడం లేదు. కాలిన గ్యాస్ ఒక నష్టం, సరిగ్గా కాలని గ్యాస్ ఇంకో నష్టం. గాలికి మంట చెదిరి అలాగే వదిలిపోయే మీథేన్, ఇరవై ఏళ్ల లెక్కలో చూస్తే, అంతే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. ఇప్పుడు ఉపగ్రహాలు రాత్రిపూట ఏ మంట ఎక్కడ ఎంతగా మండుతోందో పట్టి చూపిస్తున్నాయి కాబట్టి దాచడం కుదరదు. యంత్రాలు ఉన్నాయి, లెక్కలు ఉన్నాయి. చేయకపోవడానికి కారణాలు చాలా చోట్ల డబ్బుకు, పట్టుదలకు సంబంధించినవే అని నా అభిప్రాయం.

మా యూనిట్ తయారైంది గుమ్మిడిపూండిలోని ఒక ఫ్యాబ్రికేషన్ యార్డులో. ఓడ ఎక్కించే ముందు ఆఖరి తనిఖీకి వెళ్తూ, రిటైరైన చిన్నాన్నను వెంటబెట్టుకెళ్లాను. యార్డులో వెల్డర్లు సగం మంది తెలుగువాళ్లే, ఆయనకు కుర్చీ వేశారు, టీ తెప్పించారు. ఆయన కూర్చోలేదు. యూనిట్‌ను బిగించిన ఇనప చట్రం, అంటే స్కిడ్, కొత్త పెయింటు వాసన వేస్తోంది; దాని చుట్టూ మెల్లగా తిరిగాడు. కంప్రెసర్ పెట్టె మీద అరచెయ్యి పెట్టి చూశాడు. పైపుల మీద బాణం గుర్తులు ఒక్కొక్కటీ చదువుకుంటూ సీల్ డ్రమ్ దగ్గరికొచ్చి ఆగాడు.

“అమ్మాయ్, ఇందులో నీళ్ల మట్టం ఎవరు చూస్తారు?”

మట్టం కొలిచి పంపే మూడు ట్రాన్స్‌మిటర్లు ఉన్నాయని, మూడింట్లో రెండు ఒకే మాట చెబితేనే సిస్టమ్ నమ్ముతుందని, కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద ఎప్పుడూ కనిపిస్తుందని చెప్పాను.

“అది బోర్డు దగ్గర కూర్చున్నవాడికి. ఫీల్డ్‌లో తిరిగేవాడికి ఏది?” అన్నాడు. “గేజ్ గ్లాసు ఇటు, నడిచే దారి వైపు పెట్టించు. అటు మూల పెడితే నైట్ షిఫ్ట్‌లో వంగి చూసేవాడు ఉండడు.”

నీళ్ల మట్టం కంటికి కనిపించే ఆ గాజు గొట్టం నిజంగానే అటు మూల, పైపుల వెనక ఉంది. ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడి, దాన్ని డ్రమ్‌కు బిగించే నాజిల్ దిశ మార్పించడానికి ఆ వారమంతా పట్టింది. ఓడ ఎక్కేటప్పటికి గ్లాసు దారి వైపే ఉంది, పక్కన చిన్న లైటు కూడా పెట్టించాం.